117 మిల్లీసెకన్లలో తెరుచుకుని మూసుకోవాలి: వేగంగా వాయించే ఒక బేసిస్టుకు ఎన్వలప్ ఫిల్టర్ ఎంపిక చేసిన కేసు

నేపథ్యం

సికింద్రాబాద్‌లోని నా వర్క్‌షాప్‌లో నేను చేసే పని పెడళ్ల (గిటార్ స్వరాన్ని మార్చే, కాలితో నొక్కే చిన్న యంత్రాల) మరమ్మతు, వాయిద్యకారుల పెడల్‌బోర్డుల అమరిక. ఈ కేసులోని వ్యక్తి పగలు ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు, వారాంతాలు ఒక బృందంలో బేస్ గిటార్ వాయించే యువకుడు. ఆయనను గుర్తుపట్టే వీలున్న వివరాలను వదిలేశాను, కొన్నింటిని మార్చాను. ఆ బృందానికి ఎక్కువగా వచ్చేవి పెళ్లి సంగీత్‌లు, మాదాపూర్, గచ్చిబౌలి వైపు కంపెనీల సాయంత్రపు కార్యక్రమాలు. సినిమా పాటల మెడ్లీలే వారి ప్రధాన బలం. ఆ పాటల్లో చాలావాటికి అసలు రికార్డింగ్‌లో బేస్ గిటార్ ఉండదు. కీబోర్డు మీద వాయించిన సింథ్ (సింథసైజర్) బేస్ ఉంటుంది. బృందంలో ఉన్న ఒకే ఒక్క కీబోర్డిస్టుకు రెండు చేతులూ స్ట్రింగ్స్‌కు, బ్రాస్‌కు సరిపోతాయి కనుక సింథ్ బేస్ బాధ్యత బేసిస్టు మీద పడింది.

ఆయన దగ్గర ఉన్నది జాజ్ బేస్ తరహా నాలుగు తీగల పాసివ్ గిటార్, మామూలు రౌండ్‌వూండ్ తీగలు, ఒక కంప్రెసర్ (బిగ్గర, మెల్లని నోట్ల తేడాను తగ్గించేది), ఒక ఫజ్ (స్వరాన్ని గరుకు చేసేది), ఒక అనలాగ్ ఆక్టేవ్ పెడల్ (వాయించిన స్వరానికి ఒక ఆక్టేవ్ కింది స్వరాన్ని ఇచ్చేది), వీటికి తోడు ఇటీవల పాతది కొన్న ఒక ఎన్వలప్ ఫిల్టర్. విదేశాల నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం కలిసి ధర ఎక్కడికో పోతుంది, నచ్చకపోతే తిరిగి పంపే వీలూ ఉండదు. కాబట్టి నగరంలో చేతితో ముట్టుకుని చూడగలిగిన వాటిలోంచో, తోటి వాయిద్యకారుల దగ్గర పాతవిగా దొరికే వాటిలోంచో ఎంచుకోవాలన్నది మొదటి నుంచీ ఉన్న షరతు. ఈ షరతు వల్ల ఒక మేలు జరిగింది. ఏ పెడల్ గొప్పదన్న చర్చలోకి పోకుండా, ఏ పెడల్‌లో ఏ నాబ్ ఉండాలన్న చర్చలోనే ఉండిపోయాము.

ఆయన తెచ్చిన సమస్య

"అన్నా, ఫస్ట్ నోట్ మంచిగనే తెరుచుకుంటుంది, తర్వాతవి అసలు మూతనే పడతలేవు" అని ఆయన చెప్పిన ఒక్క వాక్యంలో రోగనిర్ధారణ సగానికి పైగా అయిపోయింది. నెమ్మదైన పాటల్లో ప్రతి నోటుకూ ఫిల్టర్ నోరు తెరిచి మూసినట్టు చక్కగా పలుకుతోంది. పదహారో భాగపు నోట్లతో పరుగెత్తే పాటలకు వచ్చేసరికి మొదటి నోటు మాత్రమే పలికి, మిగతావి ట్రెబుల్ పెంచిన మామూలు బేస్‌లా వినిపిస్తున్నాయి.

ఎన్వలప్ ఫిల్టర్ లోపల రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. లోపలికి వచ్చిన సిగ్నల్ ఎంత బిగ్గరగా ఉందో ఒక డిటెక్టర్ సర్క్యూట్ కొలుస్తూ ఉంటుంది. ఆ కొలత పెరిగినప్పుడు ఫిల్టర్ కటాఫ్ (స్వరాన్ని ఎక్కడి నుంచి కోయాలన్న హద్దు) పైకి జరుగుతుంది, తగ్గినప్పుడు కిందికి వస్తుంది. శబ్దం ఫిల్టర్ గుండా పోతుంది, ఆ ఫిల్టర్‌ను నడిపించేది డిటెక్టర్. 1972లో మ్యూజిట్రానిక్స్ సంస్థ కోసం మైక్ బీగెల్ రూపొందించిన మ్యూ-ట్రాన్ త్రీ నుంచి నేటి డిజిటల్ పెడళ్ల వరకు ఈ పద్ధతి మారలేదు. బేసిస్టు బూట్సీ కాలిన్స్ చేతిలో మ్యూ-ట్రాన్ ఫంక్ బేస్‌కు గుర్తుగా మారిపోయింది. అయితే ఆ శైలిలో నోటుకూ నోటుకూ మధ్య ఖాళీ ఎక్కువ. ఫిల్టర్ తీరుబడిగా మూసుకోవడమే అక్కడ అందం.

సింథ్‌లో సంగతి వేరు. మినీమూగ్ లాంటి కీబోర్డులో మీట నొక్కగానే ఫిల్టర్‌ను కదిలించే ఎన్వలప్ మొదలవుతుంది. ఎంత గట్టిగా నొక్కారన్నదానితో దానికి నిమిత్తం లేదు, అటాక్ (తెరుచుకోవడం), డికే (మూసుకోవడం) ముందే నిర్ణయించిన కాలం ప్రకారం జరిగిపోతాయి. అందువల్లనే ప్రతి నోటూ అచ్చు పోసినట్టు ఒకేలా ఉంటుంది. బేస్ గిటార్ మీద అదే వినిపించాలంటే, శబ్దపు స్థాయిని వెంబడించే సర్క్యూట్ చేత మీటకు స్పందించే సర్క్యూట్ పని చేయించాలి. ఈ కేసులో పడిన ఇబ్బందులన్నీ ఇక్కడి నుంచి వచ్చినవే.

కొలత

చెవితో వినే ముందు లెక్క వేసుకోవడం నా అలవాటు. ఆయనను ఎక్కువగా ఇబ్బంది పెడుతున్న మెడ్లీ వేగం 128 బీపీఎం, అంటే నిమిషానికి 128 బీట్లు, ఒక్కో బీటుకు నాలుగు పదహారో భాగపు నోట్లు. 60,000ను 128తో, తర్వాత 4తో భాగిస్తే ఒక్కో పదహారో భాగపు నోటుకు దక్కేది సుమారు 117 మిల్లీసెకన్లు. ఫిల్టర్ తెరుచుకోవడం, కాసేపు వినిపించడం, తర్వాతి నోటు వచ్చేలోగా మూసుకోవడం అన్నీ ఆ వ్యవధిలోనే కావాలి. తెరుచుకోవడానికి, వినిపించడానికి కలిపి సగం కాలం పోయిందనుకుంటే మూసుకోవడానికి మిగిలేది 60 మిల్లీసెకన్లకు అటూ ఇటూ.

పెడల్ లేకుండా ఆయన వాయించిన నాలుగు బార్లను నేరుగా రికార్డు చేశాను. ఆ రికార్డింగ్‌ను రీఆంప్ బాక్సు ద్వారా గిటార్ స్థాయికి దించి ప్రతి పెడల్‌లోకీ పంపాము. రికార్డింగ్ పరికరం నుంచి వచ్చే లైన్ స్థాయి సిగ్నల్ గిటార్ పికప్ సిగ్నల్ కంటే ఎన్నో రెట్లు పెద్దది. దాన్ని తగ్గించకుండా పంపితే ఏ ఎన్వలప్ ఫిల్టర్ అయినా ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది, పరీక్షకు అర్థం ఉండదు. ఒకే వాయింపును అన్నింటికీ ఇవ్వడం వల్ల పెడళ్ల మధ్య తేడా నిజాయితీగా తెలుస్తుంది. కానీ వాయించే మనిషి పెడల్‌ను బట్టి తన చేతిని ఎలా మార్చుకుంటాడన్నది ఇందులో కనబడదు. అందుకే చివరి నిర్ణయం ఎప్పుడూ చేతిలో గిటార్ ఉండగానే తీసుకోవాలి.

తెర మీద తరంగాన్ని పెద్దది చేసి చూసినప్పుడు రెండు విషయాలు కనబడ్డాయి. నోట్ల మధ్య తరంగం పూర్తిగా తగ్గడం లేదు. ఎడమ చేయి తీగను వదలడం ఆలస్యం కావడంతో ఒక నోటు తోక మరో నోటు తలకు తగులుతోంది. రెండో విషయం ఇంకా ఆసక్తికరమైనది. ఒక నోటు ఎత్తుగా, మరుసటిది పొట్టిగా, మళ్లీ ఎత్తుగా సాగుతోంది. చూపుడువేలి నోట్లు మధ్యవేలి నోట్ల కంటే సుమారు 4 డెసిబెల్స్ పెద్దవి. మామూలు బేస్ వాయింపులో ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు. పైగా అది వాయింపుకు ప్రాణం పోస్తుంది. ఎన్వలప్ ఫిల్టర్‌కు మాత్రం అది ఒక నోటుకు పూర్తిగా, మరో నోటుకు సగమే తెరుచుకోమన్న ఆజ్ఞ.

ప్రయత్నించినవి, ఫలించనివి

ఆయన దగ్గరున్న ఫిల్టర్ ఆప్టోకప్లర్ తరహాది. లోపల ఒక చిన్న ఎల్‌ఈడీ, దాని ఎదురుగా వెలుతురుకు స్పందించే ఎల్‌డీఆర్ ఉంటాయి. సిగ్నల్ పెరిగితే ఎల్‌ఈడీ వెలుగుతుంది, ఎల్‌డీఆర్ నిరోధం పడిపోతుంది, కటాఫ్ పైకి పోతుంది. వెలుతురు పడ్డప్పుడు ఎల్‌డీఆర్ చురుకుగానే స్పందిస్తుంది, వెలుతురు పోయాక మాత్రం తన చీకటి నిరోధానికి తిరిగి రావడానికి చాలా సమయం తీసుకుంటుంది. మ్యూ-ట్రాన్ తరహా స్వరానికి ఉన్న తియ్యదనంలో ఈ బద్ధకానికి పెద్ద వాటా ఉంది. డిటెక్టర్‌లోని కెపాసిటర్‌ను చిన్నది చేస్తే వేగం పెరగదా అని ఆయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కోఠి గుజరాతీ గల్లీలో కొన్ని రూపాయలకు దొరికే భాగమది. 22 కిలోఓమ్‌ల నిరోధంతో 2.2 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటే కాలాంకం (కెపాసిటర్ ఎంత త్వరగా ఖాళీ అవుతుందో చెప్పే కొలత) సుమారు 48 మిల్లీసెకన్లు, 1 మైక్రోఫారడ్ పెడితే 22 మిల్లీసెకన్లు. కానీ దీనివల్ల ఎల్‌ఈడీ త్వరగా ఆరిపోతుందే తప్ప ఎల్‌డీఆర్ త్వరగా కోలుకోదు. మెట్రో రైలు తలుపును ఎంత వేగవంతమైన మోటారుతో నడిపినా, ప్రయాణికుడు ఇంకా గడప మీదే నిలబడి ఉంటే అది మూసుకోదు కదా. పాత పెడల్‌ను విప్పి పాడు చేయడం కన్నా దాన్ని అలాగే ఉంచి నెమ్మది పాటలకు వాడుకోవడం మేలని చెప్పాను.

తర్వాతి ఆలోచన కంప్రెసర్. వేళ్ల మధ్య తేడా 4 డెసిబెల్స్ ఉంది కాబట్టి ఫిల్టర్‌కు ముందు కంప్రెసర్ పెడితే నోట్లు సమానమవుతాయని ఆయన వాదన. నిజానికి నోట్ల తలలు సమానమయ్యాయి కూడా. కానీ కంప్రెసర్ తలలనే కాదు, నోట్ల మధ్య లోయలను కూడా నింపుతుంది. 4:1 నిష్పత్తిలో పెట్టినప్పుడు, నోటుకూ నోటుకూ మధ్య 12 డెసిబెల్స్ తగ్గాల్సిన సిగ్నల్ థ్రెషోల్డ్‌కు (కంప్రెసర్ పని మొదలుపెట్టే స్థాయికి) పైన ఉన్నంతవరకు 3 డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది. మూసుకోవడానికి డిటెక్టర్ ఎదురుచూసేది ఆ తగ్గుదల కోసమే, దాన్ని మనమే తీసేశాము. సమస్య మునుపటి కంటే ముదిరింది. కంప్రెసర్‌ను ఫిల్టర్ తర్వాతికి మార్చాక అది రెజొనెన్స్ (కటాఫ్ దగ్గరి స్వరాలను ఉబ్బించే గుణం) వల్ల ఎగిసే శిఖరాలను అదుపు చేసే ఉపయోగకరమైన పనిలో కుదురుకుంది, చివరి అమరికలోనూ అక్కడే ఉండిపోయింది.

మిత్రుడి దగ్గరి మల్టీ ఎఫెక్ట్ యంత్రంలోని ఆటో వా (ఎన్వలప్ ఫిల్టర్ లాంటిదే) ఎక్కువసేపు నిలవలేదు. వేగం సరిపోయింది కానీ అది మామూలు గిటార్‌ను దృష్టిలో పెట్టుకుని చేసిన బ్యాండ్‌పాస్ ఫిల్టర్. అది కటాఫ్‌కు కింద ఉన్నదాన్ని కూడా కోసేస్తుంది కనుక బేస్‌కు పునాది అయిన మూలస్వరమే మాయమైంది. డ్రై సిగ్నల్ (ఫిల్టర్ గుండా పోని అసలు స్వరం) కలిపితే పునాది తిరిగి వచ్చింది, దానితో పాటే తీగ చప్పుడూ వచ్చి సింథ్ అన్న భ్రమ చెదిరిపోయింది. లోపాస్ ఫిల్టర్‌లో ఈ ఇబ్బంది లేదు. పూర్తిగా మూసుకున్నా అడుగు స్వరాన్ని పోనిస్తుంది.

ట్రిగర్ ఆధారిత సింథ్ పెడల్‌ను కూడా పరీక్షించాము. సిద్ధాంతం ప్రకారం ఇదే అసలు మందు కావాలి. స్థాయి ఒక గీతను దాటగానే ఫిల్టర్ కదలిక మొదలై, ముందే పెట్టిన వేగంతో పూర్తవుతుంది. సింథ్ చేసే పని అదే. ఇబ్బంది ఏమిటంటే, మళ్లీ ట్రిగర్ కావాలంటే సిగ్నల్ ముందు ఆ గీతకు కిందికి దిగాలి. ఆయన వాయింపులో నోట్ల మధ్య లోయలు లోతు లేకుండా ఉండడంతో ప్రతి మూడో నాలుగో నోటు ట్రిగర్ కాకుండా జారిపోయింది. గీతను పైకి పెడితే మధ్యవేలి నోట్లు జారిపోయాయి. స్వరస్థాయిని గుర్తించి కొత్త స్వరాన్ని తయారుచేసే డిజిటల్ పెడళ్లకు ఇంకో పరిమితి ఉంది. నాలుగో తీగ ఖాళీ స్వరం 41.2 హెర్ట్జ్, దాని ఒక్క ఆవృతికే 24 మిల్లీసెకన్లు పడుతుంది. కనీసం ఒక ఆవృతిని చూడకుండా అది ఏ స్వరమో చెప్పడం కష్టం. 117లోంచి 24 అలా పోవడం వేగపు పాటలో చెవికి తెలుస్తుంది.

ఇక ఫజ్. సింథ్ స్వరంలో సాటూత్, స్క్వేర్ తరంగాలకు హార్మోనిక్స్ (మూలస్వరంతో పాటు మోగే పై స్వరాలు) పుష్కలం కాబట్టి ఫిల్టర్‌కు కోయడానికి సరుకు దొరుకుతుంది. వేళ్లతో మీటిన బేస్‌లో అంత సరుకు ఉండదు. అందుకని ఫిల్టర్‌కు ముందు ఫజ్ పెట్టడం అందరూ చేసేదే, ఆయనా చేశారు. ఫజ్ సిగ్నల్‌ను నెత్తిన కోసి చదును చేస్తుంది. మెల్లగా వాయించినా గట్టిగా వాయించినా బయటికి వచ్చేది దాదాపు ఒకే ఎత్తు. డిటెక్టర్ దృష్టిలో అది ఎప్పటికీ ఆగని ఒకే నోటు. ఫజ్ స్వరం బాగుంది, కదలిక చచ్చిపోయింది. ఫజ్‌ను ఫిల్టర్ తర్వాత పెడితే కదలిక బతికింది, కానీ మూసుకున్న ఫిల్టర్ నుంచి వచ్చిన మెత్తని స్వరాన్ని కూడా ఫజ్ మళ్లీ గరుకు చేసి, ఫిల్టర్ చేసిన పనిని చెరిపేసింది.

వేగానికి, అడుగు స్వరానికి మధ్య తగవు

ఈ దశలో ఎల్‌డీఆర్ లేని, డికే నాబ్ విడిగా ఉన్న ఒక అనలాగ్ పెడల్ రెండు రోజులకు అరువు దొరికింది. డికేను కనిష్ఠానికి తిప్పగానే ఫిల్టర్ ప్రతి నోటుకూ మూసుకోవడం మొదలుపెట్టింది. ఆయన ముఖం వెలిగింది. ఆ తర్వాత నాలుగో తీగ మీద కింది స్వరాలు వాయించగానే గొంతులో కఫం అడ్డుపడినట్టు గరగర మొదలైంది. పెడల్ పాడైందేమోనని ఆయన అనుమానం. పెడల్‌లో ఏ లోపమూ లేదు.

డిటెక్టర్ చేసేది తరంగాన్ని ఒకవైపుకు మడిచి, కెపాసిటర్‌తో చదును చేయడం. ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ తర్వాత 41.2 హెర్ట్జ్ స్వరానికి శిఖరాలు సుమారు 12 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున వస్తాయి. రెండు శిఖరాల మధ్య కెపాసిటర్ ఖాళీ అవుతూనే ఉంటుంది. 60 మిల్లీసెకన్లలో ఫిల్టర్ మూసుకోవాలంటే కాలాంకం 20 మిల్లీసెకన్ల దగ్గర ఉండాలి, ఎందుకంటే మూడు కాలాంకాలు గడిస్తే వోల్టేజి 5 శాతానికి పడిపోతుంది. అయితే అదే 20 మిల్లీసెకన్ల కాలాంకంతో, ఒకే నోటు మోగుతూ ఉండగానే రెండు శిఖరాల మధ్య వోల్టేజి సుమారు 45 శాతం పడిపోయి మళ్లీ లేస్తుంది. అంటే ఫిల్టర్ నోటుకు ఒకసారి తెరుచుకుని మూసుకోవడానికి బదులు సెకనుకు 82 సార్లు వణుకుతుంది. ఆ గరగర అదే. డికే పెంచితే వణుకు పోతుంది, వేగం పోతుంది. ఎంత ఖరీదైన పెడల్ కొన్నా ఈ బేరంలోంచి పూర్తిగా తప్పించుకోవడం కుదరదు, ఎందుకంటే ఇది తయారీ నాణ్యతకు సంబంధించింది కాదు, 41 హెర్ట్జ్ స్వరపు ఆవృతి పొడవుకు సంబంధించింది.

ఇక్కడ రెండు దారులు ఉన్నాయి. మధ్యస్థంగా డికే పెట్టి, వేగంలో కొంత, శుభ్రతలో కొంత వదులుకోవడం ఒకటి. చాలామంది అక్కడే ఆగుతారు, అది తప్పేమీ కాదు. డిటెక్టర్‌కు అసలు అంత కింది స్వరాన్ని వినిపించకుండా ఉండడం రెండోది. ఒక ఆక్టేవ్ పైన వాయిస్తే కింది E స్వరం 82.4 హెర్ట్జ్ అవుతుంది, శిఖరాల మధ్య దూరం 6 మిల్లీసెకన్లకు తగ్గుతుంది, అదే 20 మిల్లీసెకన్ల కాలాంకంతో వణుకు 45 నుంచి సుమారు 26 శాతానికి దిగుతుంది. 110 హెర్ట్జ్ A స్వరానికైతే 20 శాతమే. ఇవి శుద్ధమైన సైన్ తరంగానికి వేసిన పైపై లెక్కలు, నిజమైన తీగ తరంగం ఇంత సౌమ్యంగా ఉండదు. అయినా దిశ తెలియడానికి చాలు. పోయిన అడుగు స్వరాన్ని తిరిగి తేవడానికి ఆయన దగ్గర ఆక్టేవ్ పెడల్ ఉండనే ఉంది. అనలాగ్ ఆక్టేవ్ పెడళ్లు కూడా కింది ఫ్రెట్లలో తడబడి, మెడ మధ్యభాగంలో స్థిరంగా పలుకుతాయన్నది బేసిస్టులందరికీ అనుభవమే. డిటెక్టర్‌కు, ఆక్టేవ్ పెడల్‌కు రెండింటికీ అనుకూలమైన చోటు మెడ మీద ఒకటే కావడం ఈ కేసులో కలిసొచ్చిన అదృష్టం.

ఒక చిక్కు మిగిలింది. ఆక్టేవ్ పెడల్‌ను ఫిల్టర్‌కు ముందు పెడితే డిటెక్టర్ మళ్లీ ఆ కింది స్వరాన్నే వింటుంది. తర్వాత పెడితే, ఫిల్టర్ కోసిన అస్థిర సిగ్నల్‌ను పట్టుకోలేక ఆక్టేవ్ తడబడుతుంది. కావలసింది ఏమిటంటే, డిటెక్టర్ శుభ్రమైన గిటార్‌ను వినాలి, ఫిల్టర్ గుండా మాత్రం ఆక్టేవ్, ఫజ్ కలిసిన స్వరం పోవాలి.

పనిచేసినది

డిటెక్టర్‌కు, ఫిల్టర్‌కు మధ్య సెండ్, రిటర్న్ లూప్ (సిగ్నల్‌ను బయటి పెడళ్లకు పంపి తిరిగి తెచ్చుకునే దారి) ఉన్న ఎన్వలప్ ఫిల్టర్లు కొన్ని ఉన్నాయి. ఎలక్ట్రో-హార్మోనిక్స్ వారి క్యూ-ట్రాన్ ప్లస్ ఈ పద్ధతికి బాగా తెలిసిన ఉదాహరణ. లూప్‌లో ఏ పెడల్ పెట్టినా డిటెక్టర్ మాత్రం ఇన్‌పుట్‌కు వచ్చిన అసలు సిగ్నల్‌నే అనుసరిస్తుంది. లూప్‌తో పాటు విడిగా డికే నాబ్, లోపాస్ ఎంపిక కూడా ఉండాలన్నది మా అవసరం. ఆ మూడూ ఉన్న పెడల్ ఒకటి నగరంలోనే మరో బేసిస్టు దగ్గర పాతదిగా దొరికింది. దాని పేరు రాస్తే చదివినవారు ఆ పేరునే వెతుకుతారు, మూడు లక్షణాలను వెతకడం మానేస్తారు. అందుకే రాయడం లేదు.

గిటార్ నేరుగా ఫిల్టర్ ఇన్‌పుట్‌లోకి పోతుంది. లూప్‌లో ముందు ఆక్టేవ్, దాని వెనుక ఫజ్. ఆక్టేవ్‌కు శుభ్రమైన ఒంటి స్వరం కావాలి కాబట్టి దానిదే మొదటి స్థానం. ఆక్టేవ్ పెడల్‌లో డ్రై సిగ్నల్‌ను దాదాపు పూర్తిగా తగ్గించాము. ఫిల్టర్ తర్వాత కంప్రెసర్, అక్కడి నుంచి ఆంప్లిఫయర్. నేను ముందు ఊహించని లాభం కూడా ఒకటి కనబడింది. నోట్ల మధ్య ఫజ్ చేసే బుసను మూసుకున్న లోపాస్ ఫిల్టర్ మింగేస్తోంది కనుక వేరే నాయిస్ గేట్ అవసరం పడలేదు.

సెన్సిటివిటీ (డిటెక్టర్ ఎంత చిన్న సిగ్నల్‌కు స్పందించాలన్నది) ఎంత పెట్టాలన్న దాని మీద ఎక్కువసేపు కూర్చున్నాము. ఫంక్ వాయింపులో సెన్సిటివిటీని తక్కువగా పెట్టి, చేతి బలాన్ని బట్టి ఫిల్టర్ వేర్వేరు ఎత్తులకు తెరుచుకునేలా చూస్తారు. ఇక్కడ కావలసింది దానికి వ్యతిరేకం. బలహీనమైన మధ్యవేలి నోటు కూడా కటాఫ్‌ను దాని పైకప్పు వరకు తీసుకెళ్లేంత సెన్సిటివిటీ పెడితే, చూపుడువేలి నోటు ఎంత గట్టిగా పడినా అంతకు మించి పోలేదు. రెండు వేళ్లూ సమానమవుతాయి, మీట నొక్కినట్టు వినిపిస్తుంది. అలాగని నాబ్‌ను చివరి వరకు తిప్పకూడదు. పైకప్పును దాటిన వోల్టేజి ముందు పైకప్పు దాకా దిగాలి, ఆ తర్వాతే ఫిల్టర్ మూసుకోవడం మొదలవుతుంది. 4 డెసిబెల్స్ అదనానికి, 20 మిల్లీసెకన్ల కాలాంకంతో, ఈ ఆలస్యం సుమారు 9 మిల్లీసెకన్లు. అది భరించదగినదే. సెన్సిటివిటీని అవసరానికి మించి పెంచిన ప్రతిసారీ ఇంకొన్ని మిల్లీసెకన్లు చేతి నుంచి జారిపోతాయి. అందుకని మధ్యవేలితో మాత్రమే వాయిస్తూ, పైకప్పు అందిన చోట నాబ్‌ను ఆపాము.

రెజొనెన్స్ విషయంలో ఆయన రుచికి నేను అడ్డుపడాల్సి వచ్చింది. రెజొనెన్స్ ఎక్కువ పెడితే ఒంటరిగా విన్నప్పుడు సింథ్ లాగా అద్భుతంగా ఉంటుంది. కానీ పదునైన రెజొనెన్స్ ఉన్న ఫిల్టర్ స్వయంగా మోగుతుంది. 200 హెర్ట్జ్ దగ్గర క్యూ విలువ (రెజొనెన్స్ పదును) 10 ఉన్న ఫిల్టర్ మోత కాలాంకం సుమారు 16 మిల్లీసెకన్లు. డిటెక్టర్‌లో అంత కష్టపడి సంపాదించిన వేగాన్ని ఇక్కడ వెనక్కి ఇచ్చేసినట్టే. రెజొనెన్స్‌ను సగానికి దించి, తెరుచుకునే పరిధిని కొంచెం పైకి జరిపాము. డ్రమ్స్‌తో కలిపి విన్నాక ఆయన ఒప్పుకున్నారు.

మిగిలింది ఎడమ చేయి. డికే నాబ్ ఎంత తగ్గించినా, తీగ మోగుతూనే ఉంటే డిటెక్టర్‌కు దిగడానికి కారణం ఉండదు. ఫ్రెట్ మీద వేలిని నోటు మధ్యలోనే కొద్దిగా ఎత్తి తీగను ఆపడం ఆయనకు అలవాటు చేయాలి, దానికి వారాలు పడుతుంది. ఆలోగా పరుపుల దుకాణం నుంచి తెచ్చిన స్పాంజిని వేలెడు వెడల్పున కోసి, బ్రిడ్జికి ఆనించి తీగల కింద దూర్చాము. స్పాంజి తీగలను గట్టిగా నొక్కకూడదు, తాకీ తాకనట్టు ఉండాలి. ఎక్కువైతే ఆక్టేవ్ పెడల్‌కు పట్టుకోవడానికి స్వరమే మిగలదు. మళ్లీ రికార్డు చేసి తెర మీద చూస్తే నోట్ల మధ్య లోయలు లోతుగా, స్పష్టంగా ఉన్నాయి. ఒక ముచ్చట: మొదట తెచ్చిన ఆప్టోకప్లర్ పెడల్ కూడా స్పాంజితో మునుపటి కంటే మెరుగ్గా మూసుకుంది, వేగపు మెడ్లీకి సరిపోకపోయినా.

వేదిక మీద

వర్క్‌షాప్‌లో కుదిరినది కన్వెన్షన్ హాలులో కుదరలేదు. రిహార్సల్‌లో బాగా మూసుకున్న ఫిల్టర్, లైట్లు వెలిగించాక సగం తెరుచుకునే ఉంటోందని సౌండ్‌చెక్ నుంచి ఫోన్ చేశారు. సింగిల్ కాయిల్ పికప్‌లు లైటింగ్ డిమ్మర్ల గోలను పట్టుకుంటాయి. సెన్సిటివిటీ ఎక్కువగా పెట్టిన డిటెక్టర్ ఆ గోలను కూడా నోటులాగే లెక్కిస్తుంది. ఆయన వెనుక పికప్ వాల్యూమ్‌ను పూర్తిగా, ముందుదాన్ని సగం పెట్టి వాయిస్తున్నారు. జాజ్ బేస్‌లో రెండు పికప్‌లను వ్యతిరేక దిశల్లో చుడతారు, రెండు వాల్యూమ్‌లూ సమానంగా ఉన్నప్పుడే ఒకదాని గోలను మరొకటి రద్దు చేస్తుంది. రెండింటినీ పూర్తిగా పెట్టమన్నాను. అక్కడే సరిపోయింది. స్వరంలో వచ్చిన చిన్న మార్పు ఫజ్, ఆక్టేవ్‌ల వెనుక ఎవరికీ వినబడదు.

దుకాణంలో ఎంచుకునే పద్ధతి

ఈ కేసు తర్వాత వేగంగా వాయించే బేసిస్టులు ఎవరు అడిగినా, దుకాణానికి పోయేటప్పుడు, వాయించినదాన్ని రికార్డు చేసి మళ్లీ మళ్లీ వినిపించే చిన్న లూపర్ పెడల్‌ను వెంట తీసుకెళ్లమని చెబుతున్నాను. తాము వాయించబోయే పాట వేగంలోనే నాలుగు బార్లు పెడళ్లకు ముందు రికార్డు చేసి, అది తిరుగుతూ ఉండగా రెండు చేతులతో నాబ్‌లు తిప్పి చూడాలి. దుకాణంలో ఎన్వలప్ ఫిల్టర్ చేతికి రాగానే ఎవరైనా నెమ్మదిగా ఒక్కో నోటు మీటి ఆనందిస్తారు, ఆ వేగంలో ప్రతి పెడలూ బాగానే ఉంటుంది. డికేను కనిష్ఠంలో పెట్టి, ముందు మెడ మధ్యలో, తర్వాత నాలుగో తీగ మొదటి ఫ్రెట్లలో వినాలి. మధ్యలో కూడా మూసుకోకపోతే ఆ పెడల్ ఈ పనికి రాదు. మధ్యలో మూసుకుని కింద గరగరమంటే, అది లోపం కాదని ఇప్పుడు చదువరికి తెలుసు. లూప్ లేకపోతే, ఫజ్‌ను వదులుకుని ఫిల్టర్ మాత్రమే వాడగలమా అని తమను తాము అడగాలి.

లోపాస్ ఫిల్టర్లలోనూ ఆక్టేవ్‌కు 12 డెసిబెల్స్ కోసేవి, 24 డెసిబెల్స్ కోసేవి అని రెండు రకాలు. ఈ పనికి నా మొగ్గు రెండోదాని వైపు. మూగ్ లాడర్ ఫిల్టర్ ఆ కోవలోది. తెరుచుకున్న స్థితికీ మూసుకున్న స్థితికీ తేడా పెద్దది కావడంతో, నూరు మిల్లీసెకన్ల కదలిక కూడా చెవికి స్పష్టంగా తెలుస్తుంది. 12 డెసిబెల్స్ ఫిల్టర్ స్వరం గుండ్రంగా, ఆ, ఓ లాంటి అచ్చులను నోటితో పలికినట్టు ఉంటుంది. నెమ్మదైన పాటలకు నేనైతే దాన్నే ఎంచుకుంటాను.

ఈ అమరికకు కొన్ని హద్దులు మిగిలాయి. ఒకేసారి రెండు తీగలు మోగిస్తే ఆక్టేవ్ గందరగోళపడుతుంది. స్లాప్ వాయింపులో బొటనవేలి దెబ్బకు డిటెక్టర్ పైకప్పును చాలా దాటిపోయి, తర్వాతి రెండు మూడు నోట్ల వరకు దిగదు. ఆ పాటలకు ఆయన లూప్‌ను, ఫిల్టర్‌ను కలిపి ఒకే స్విచ్‌తో ఆపేసి మామూలు బేస్‌కు వస్తున్నారు. స్పాంజి మాత్రం తీగల కింద అలాగే ఉంటుంది కాబట్టి, స్లాప్ పాటలన్నీ విరామం తర్వాత వచ్చేలా పాటల వరుసను మార్చుకుని, విరామంలో స్పాంజిని తీసి జేబులో వేసుకుంటున్నారు.